పళ్ళు వస్తున్న పసిబిడ్డకు ఉపశమనం కలిగించడం ఎలా

పసిబిడ్డకు పళ్ళు రావడం జబ్బు కాదు. అయినా చిగురును తోసుకుని పన్ను పైకి వచ్చే ఆ కొద్ది రోజులూ బిడ్డ చొంగ కారుస్తూ, చేతికందినదల్లా నోట్లో పెట్టుకుని కొరుకుతూ, రాత్రి నిద్ర మధ్యలో లేచి ఏడుస్తూ ఉంటే ఇంట్లో ఎవరికీ కాలూ చేయీ ఆడదు. నిజానికి ఈ బాధ తగ్గించడానికి కావలసినవి చాలా కొద్ది. శుభ్రమైన వేలు, చల్లని తడి గుడ్డ, ఓపికగా ఎత్తుకుని తిరిగే మనిషి ఉంటే చాలా మంది పిల్లలకు మందులతో పని ఉండదు. అంతకన్నా కష్టమైన పని మరొకటి ఉంది: ఈ వయసులో వచ్చే ప్రతి జ్వరాన్నీ, ప్రతి విరేచనాన్నీ 'పళ్ళు వస్తున్నాయిలే' అని వదిలేయకుండా, ఏది పంటి బాధో, ఏది వేరే జబ్బో తేల్చుకోవడం. ఈ రెండు పనులూ ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

పళ్ళు ఎప్పుడు వస్తాయి, ఎలా తెలుస్తుంది

పాలపళ్ళు మొత్తం 20. బిడ్డ తల్లి కడుపులో ఉండగానే అవి చిగుళ్ళ లోపల రూపుదిద్దుకోవడం మొదలవుతుంది. ఎక్కువ మందికి 6 నుంచి 10 నెలల మధ్య కింది వరుసలో ముందరి రెండు పళ్ళు మొదట కనిపిస్తాయి. తర్వాత పై వరుసలో ముందరి రెండు, ఆపైన వాటి పక్కవి వస్తాయి. మొదటి దవడ పళ్ళు 13 నుంచి 19 నెలల మధ్య, కోరపళ్ళు 16 నుంచి 23 నెలల మధ్య, చివరి దవడ పళ్ళు రెండేళ్ళు నిండే వేళకో ఆ తర్వాతో వస్తాయి. మూడేళ్ళకు దాదాపు అన్నీ వచ్చేస్తాయి. కొందరికి నాలుగో నెలలోనే మొదటి పన్ను తొంగిచూస్తుంది, కొందరికి పుట్టినరోజు దాటినా రాదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో, పుట్టిన తేదీ నుంచి కాకుండా, కాన్పు జరగవలసిన తేదీ నుంచి నెలలు లెక్కపెట్టుకోవాలి.

పై పళ్ళు ముందు వస్తే మేనమామకు గండమన్న నమ్మకం మన ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. వరుస తారుమారు కావడం చాలా మంది పిల్లల్లో జరిగేదే, దానివల్ల బిడ్డకు గానీ మేనమామకు గానీ ఏ కీడూ లేదు. ఆ మాట పట్టుకుని తల్లి మనసును కష్టపెట్టకూడదని మాత్రం ఇంటి పెద్దలకు విన్నవించుకుంటున్నాను.

పన్ను రాబోతున్న చోట చిగురు కాస్త ఎర్రగా, ఉబ్బుగా ఉంటుంది. వేలితో తడిమితే గట్టిగా తగులుతుంది. బిడ్డ చొంగ ఎక్కువగా కారుస్తుంది, పిడికిలి మొత్తం నోట్లోకి తోసుకుంటుంది, చెంపనూ చెవినీ రుద్దుకుంటుంది, గట్టి ఆహారం పెడితే ముఖం తిప్పుకుంటుంది. ఒళ్ళు కొంచెం వెచ్చబడవచ్చు. అయితే మూడో నాలుగో నెల నుంచే పిల్లలందరికీ చొంగ పెరుగుతుంది, చేతులు నోట్లో పెట్టుకోవడం మొదలవుతుంది. కాబట్టి ఆ రెండింటిని మాత్రమే చూసి పళ్ళు వస్తున్నాయని అనుకోవడానికి లేదు. అమెరికాలో క్లీవ్‌లాండ్ పరిశోధకులు వంద మందికి పైగా పిల్లలను రోజువారీగా గమనింపజేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ లక్షణాలు పన్ను బయటపడడానికి 4 రోజుల ముందు మొదలై బయటపడ్డాక 3 రోజులకు సర్దుకున్నాయని తేలింది. అంటే ఒక్కో పంటికి ఉండే బాధ వారం రోజులకు కాస్త అటూ ఇటూ. 'మా వాడికి మూడు నెలలుగా పళ్ళ బాధే' అనిపిస్తుంటే, ఆ ఏడుపుకు మరో కారణం వెతకాల్సి ఉంటుంది.

బాధ తగ్గించే పద్ధతులు

అన్నిటికన్నా ముందు చేయదగినది చిగురును నెమ్మదిగా ఒత్తి రుద్దడం. గోరు కత్తిరించుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, చూపుడువేలిని ఉబ్బిన చిగురు మీద ఉంచి, ఒకటి రెండు నిమిషాలు మెల్లగా, కాస్త బరువు ఆనేటట్లు రుద్దాలి. లోపలి నుంచి పన్ను తోస్తున్నప్పుడు పై నుంచి ఒత్తిడి పడితే బిడ్డకు హాయిగా ఉంటుంది. వస్తువులను కొరకాలని బిడ్డ తాపత్రయపడేది కూడా అందుకే. వేలికి శుభ్రమైన పలుచని నూలు గుడ్డ చుట్టుకుని, కాచి చల్లార్చిన నీటిలో తడిపి రుద్దితే, చిగుళ్ళు శుభ్రపడే పని కూడా జరుగుతుంది. పాలు పట్టే ముందు ఒకసారి ఇలా చేస్తే బిడ్డ నొప్పి లేకుండా తాగుతుంది.

రెండవది చల్లదనం. మెత్తని నూలు రుమాలును ఉడకబెట్టి ఆరబెట్టి, ఒక చివరను కాచి చల్లార్చిన నీటిలో ముంచి పిండి, మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో అరగంట ఉంచాలి. పొడిగా ఉన్న చివరను బిడ్డ చేతికిచ్చి, లేదా మీరే పట్టుకుని, తడి చివరను నమలనివ్వాలి. రుమాలు పెద్దదిగా ఉండాలి, కుట్లు ఊడిపోయినది, దారాలు లేచినది వాడకూడదు. ప్రతిసారీ కొత్త రుమాలు తీసుకోవాలి. చల్లనిది నోట్లో పెడితే జలుబు చేస్తుందని పెద్దలు భయపడతారు. జలుబు వైరస్ వల్ల వస్తుంది గానీ చల్లని గుడ్డ వల్ల రాదని వారికి నచ్చజెప్పవచ్చు. అయితే మంచు ముక్కలను, డీప్ ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించిన వస్తువులను మాత్రం చిగుళ్ళకు తగలనివ్వకూడదు. అంత చలి లేత చర్మాన్ని గాయపరుస్తుంది, ఆ గట్టిదనం చిగురును నలిపేస్తుంది.

కొరకడానికి టీథర్ కొనదలచుకుంటే ఒకే ముక్కగా ఉన్న, మెత్తని, గట్టిగా లాగినా తెగని సిలికోన్ లేదా రబ్బరు ఉంగరాన్ని ఎంచుకోండి. లోపల నీరో జెల్లో నింపినవి బిడ్డ కొరికినప్పుడు పగిలే వీలుంది. మన దేశంలో 2021 జనవరి నుంచి ఆట వస్తువులకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేశారు, ఆ గుర్తు ఉన్నవే కొనడం మేలు. నమోదైన చేతివృత్తుల వారు చేసి అమ్మే బొమ్మలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది కనుక ఏటికొప్పాక లక్క గిలక్కాయ మీద ఆ గుర్తు లేకపోవడం తప్పు కాదు. అంకుడు కర్రతో, సహజమైన రంగులతో చేసిన అసలైన ఏటికొప్పాక బొమ్మ చూడముచ్చటైన వస్తువే. కానీ అదే పోలికతో రసాయన రంగులు పూసినవి కూడా సంతల్లో అమ్ముతారు. లోపల రాళ్ళో పూసలో ఉన్న గిలక్కాయను ఆడుకోవడానికి ఇవ్వవచ్చు గానీ గంటల తరబడి నమలడానికి ఇవ్వకూడదు. ఏ వస్తువునైనా తాడు కట్టి మెడకు తగిలించకూడదు.

ఆరు నెలలు నిండి, అన్నప్రాసన అయి, ఇంటి ఆహారం మొదలైన బిడ్డకు తిండిలో కూడా కాస్త ఉపశమనం దొరుకుతుంది. చల్లారిన రాగి జావ, పులవని పెరుగు, మెత్తగా మెదిపి కాసేపు ఫ్రిజ్‌లో పెట్టిన అరటిపండు, ఉడికించి మెదిపిన యాపిల్ వంటివి వేడి ముద్దకన్నా తేలిగ్గా దిగుతాయి. మధ్య మధ్య చెంచాతో నీళ్ళు తాగించవచ్చు. నాలుగు రోజులు తిండి తగ్గినా బెంగపడనక్కర లేదు, పాలు తాగుతుంటే చాలు. ఆరు నెలలు నిండని బిడ్డకు మాత్రం పళ్ళ పేరు చెప్పి నీళ్ళూ జావా మొదలుపెట్టవద్దు. కొన్ని ఇళ్ళలో కొరుక్కుంటుందని బిడ్డ చేతికి జంతిక ముక్కో, చేగోడీయో, పచ్చి క్యారెట్టో, కొబ్బరి ముక్కో ఇస్తారు. పళ్ళు లేకపోయినా చిగుళ్ళతోనే బిడ్డ వాటిని విరవగలదు. విరిగిన ముక్కను నమలడం చేతకాదు కాబట్టి అది గొంతుకు అడ్డం పడుతుంది. చక్కెర కలిసిన రస్కులూ బిస్కెట్లూ కొత్త పంటికి మొదటి రోజు నుంచే పుచ్చుకు దారి తీస్తాయి.

చొంగ వల్ల గడ్డం కింద, మెడ మడతల్లో చర్మం ఎర్రబడి పొక్కుతుంది. రుద్దకుండా, మెత్తని గుడ్డతో అద్ది తుడిచి, పలుచగా పెట్రోలియం జెల్లీ గానీ కొబ్బరినూనె గానీ రాయాలి. తడిసిన చొంగగుడ్డను వెంటవెంటనే మార్చాలి. చొక్కా తడిసి ఛాతీకి అంటుకుని ఉంటే ఆ చల్లదనానికే బిడ్డ ఏడుస్తుంది, దాన్ని మనం పంటి నొప్పి అనుకుంటాం.

తల్లిపాలు తాగే బిడ్డ పళ్ళు వచ్చే రోజుల్లో ఎక్కువసార్లు రొమ్ము అడగవచ్చు, లేదా చీకినప్పుడు చిగురు నొప్పి పుట్టి మధ్యలో వదిలేయవచ్చు. రెండూ కొద్ది రోజులే. కొరకడం మొదలుపెట్టిందని పాలు మాన్పించే ఆలోచన చేయవద్దు. సరిగ్గా నోట పట్టి తాగుతున్నంతసేపూ బిడ్డ నాలుక కింది చిగురును కప్పి ఉంటుంది కాబట్టి అప్పుడు కొరకలేదు. ఆకలి తీరి, తాగడం ఆపి ఆటలో పడినప్పుడే కొరుకుతుంది. మింగడం ఆగిందని గమనించగానే చిటికెనవేలిని బిడ్డ పెదవి మూల నుంచి లోపలికి పోనిచ్చి పట్టు విడిపించి తీసేయాలి. కొరికినప్పుడు పెద్దగా అరిస్తే కొందరు పిల్లలు బెదిరి రొమ్ము ముట్టడమే మానేస్తారు. మరికొందరు దాన్ని ఆటగా తీసుకుని మళ్ళీ కొరుకుతారు. మాట్లాడకుండా తీసేసి, కాసేపాగి ఇవ్వడమే మంచిది.

రాత్రివేళ అన్ని పద్ధతులూ అయిపోయాక మిగిలేది ఎత్తుకోవడమే. భుజాన వేసుకుని వసారాలో నడవడం, వీపు నిమరడం, జోల పాడడం, ఊయల ఊపడం చిన్న పనుల్లా కనిపిస్తాయి గానీ నొప్పిలో ఉన్న పసిబిడ్డకు వాటికి మించిన మందు లేదని నా గట్టి నమ్మకం. ఆ పనిని ఒక్క తల్లి మీదే వేయకుండా తండ్రి, నాయనమ్మ, అమ్మమ్మ వంతులు వేసుకుంటే తల్లికి రెండు గంటలు కునుకు దక్కుతుంది.

ఇవేవీ పనిచేయక బిడ్డ నిజంగా విలవిల్లాడుతుంటే, పిల్లల డాక్టరును అడిగి పారాసెటమాల్ ఇవ్వవచ్చు. మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది. ఒక విడతకు ఒక్కో కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే 8 కిలోల బిడ్డకు 80 నుంచి 120 మిల్లీగ్రాములు. ఇక్కడ ఒక పెద్ద ప్రమాదం పొంచి ఉంది. మందుల దుకాణంలో దొరికే చుక్కల మందులో సాధారణంగా ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్‌లో అయితే 5 మిల్లీలీటర్లలో 120 నుంచి 125, మరో రకంలో 250 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్ అనుకుని చుక్కల మందును 5 మిల్లీలీటర్లు పట్టిస్తే బిడ్డ కడుపులోకి 500 మిల్లీగ్రాములు పోయినట్టే. కాబట్టి సీసా మీది అంకెను చదివి, దానితో వచ్చిన కొలత గొట్టంతోనే కొలవాలి. రెండు విడతల మధ్య కనీసం 4 నుంచి 6 గంటల వ్యవధి ఉండాలి. మూడు నెలల లోపు బిడ్డకు డాక్టరు చూడకుండా ఇవ్వనే కూడదు. ఆస్పిరిన్ పిల్లలకు పనికిరాదు. జ్వరానికీ నొప్పికీ వాడే నిమెసులైడ్ అనే మందును 12 ఏళ్ళ లోపు పిల్లలకు వాడరాదని మన దేశంలో 2011లోనే నిషేధించారు. పాత చీటీ చూసి ఇచ్చే అలవాటు ఇంకా కొన్ని చోట్ల ఉంది కాబట్టి ఈ మాట చెప్పవలసి వస్తోంది.

చిగుళ్ళకు రాయకూడనివి, మెడకు కట్టకూడనివి

నొప్పి తెలియకుండా చేస్తాయని అమ్మే తిమ్మిరి జెల్లులను పసిబిడ్డ చిగుళ్ళకు రాయవద్దు. బెంజోకెయిన్ ఉన్న జెల్లు రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తిని ఉన్నట్టుండి తగ్గించగలదు. అందుకే రెండేళ్ళ లోపు పిల్లలకు దాన్ని వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో గట్టిగా హెచ్చరించింది. ఇలాంటి జెల్లుల్లో ఉండే మరో తిమ్మిరి మందు లిడోకెయిన్ ఎక్కువగా కడుపులోకి పోతే మూర్ఛలూ గుండె సమస్యలూ వస్తాయి. పెద్దల నోటిపూతకు తెచ్చుకున్న జెల్లులో తరచూ కోలిన్ సాలిసిలేట్ ఉంటుంది, అది ఆస్పిరిన్ జాతికి చెందినది. అయినా బిడ్డ కార్చే చొంగకు ఏ జెల్లూ చిగురు మీద నాలుగు నిమిషాలు నిలవదు, అంతా గొంతులోకే పోతుంది.

పెద్దలు ప్రేమతో చేసే వైద్యాల్లో కూడా కొన్నిటిని మానాలి. తేనె ఏడాది నిండని బిడ్డకు ఒక్క చుక్క కూడా పనికిరాదు. అందులో ఉండగల సూక్ష్మజీవి వల్ల కండరాలు చచ్చుబడే బాట్యులిజం అనే జబ్బు రావచ్చు. వెలిగారాన్ని తేనెలో కలిపి చిగుళ్ళకు రాయడం విషాన్ని రాయడమే, దానివల్ల ఫిట్స్ వస్తాయి. లవంగ నూనె పెద్దల పంటికి మేలు చేసినా పసిబిడ్డ చిగురును పొక్కిస్తుంది, మింగితే కాలేయానికి ముప్పు. వసకొమ్ము అరగదీసి నాకించడం, బ్రాందీ చుక్క రుద్దడం కూడా వద్దు. పళ్ళు తేలిగ్గా రావడానికని అమ్మే తీపి మాత్రలు పనిచేస్తాయనడానికి ఆధారం లేదు. అమెరికాలో అమ్మిన అలాంటి కొన్ని హోమియో మాత్రల్లో బెల్లడోనా అనే విషపదార్థం హెచ్చుతగ్గుల మోతాదుల్లో ఉందని 2017లో బయటపడింది. కాల్షియం సిరప్ పన్నును ముందుకు తేలేదు. బిడ్డకు మొదటి ఏడాది రోజూ కావలసినది డాక్టరు చెప్పే 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు.

పళ్ళ నొప్పి తగ్గుతుందని అంబర్ అనే గట్టిపడిన చెట్టు జిగురుతో చేసిన పూసల దండలు ఈమధ్య మన దగ్గర కూడా ఆన్‌లైన్‌లో కొంటున్నారు, విదేశాల్లో ఉన్న బంధువులు కానుకగా కూడా పంపుతున్నారు. పూసల్లోని మందు చర్మం గుండా ఇంకుతుందని చెబుతారు గానీ, వాటి నుంచి ఏ మందూ ఒంట్లోకి ఇంకదు. తెగితే పూస గొంతులో పడుతుంది, తెగకపోతే మెడ బిగుస్తుంది. నిద్రలో అలాంటి దండ బిగుసుకుని 18 నెలల బిడ్డ చనిపోయిన ఉదంతాన్ని 2018 నాటి అమెరికా హెచ్చరికలో పేర్కొన్నారు. మన తాయెత్తుల తాళ్ళకూ, నల్లపూసల దండలకూ ఇదే వర్తిస్తుంది. దిష్టి కోసం ఏదైనా కట్టాలనుకుంటే మెడకు మాత్రం వద్దు, నిద్రపుచ్చే ముందు తప్పక తీసేయండి.

పళ్ళ వల్ల కానివి

పళ్ళు వస్తే జ్వరమూ విరేచనాలూ మామూలే అన్నది మన ఇళ్ళలో బాగా పాతుకుపోయిన మాట, నిజానికి ప్రపంచమంతా ఉన్న మాట. 1839లో ఇంగ్లండ్, వేల్స్ మరణాల లెక్కల్లో ఐదు వేలకు పైగా పసిపిల్లల చావులకు పళ్ళు రావడమే కారణమని రాశారు. ఆ పిల్లలు నిజంగా చనిపోయింది అప్పటికి కారణం తెలియని అంటురోగాలతో. పళ్ళ నొప్పికని అక్కడ పాదరసం కలిసిన పొడులను 20వ శతాబ్దం మధ్య వరకు వాడి మరెందరినో జబ్బుపాలు చేశారు. కారణాన్ని పంటి మీదకు నెడితే అసలు జబ్బుకు వైద్యం జరగదు. అప్పుడు జరిగినది అదే, ఇప్పుడు జరిగే నష్టం కూడా అదే.

పళ్ళు వచ్చే వయసులోనే బిడ్డకు జబ్బులు ఎందుకు ఎక్కువవుతాయో తెలిస్తే ఈ నమ్మకం ఎక్కడి నుంచి పుట్టిందో అర్థమవుతుంది. ఆరు నెలలు దాటేసరికి తల్లి నుంచి కడుపులో ఉండగా వచ్చిన రోగనిరోధక శక్తి తరిగిపోతుంది. అదే సమయంలో బయటి తిండి మొదలవుతుంది, బిడ్డ నేల మీద పాకుతూ దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటుంది. విరేచనాలు ఆ చేతుల నుంచి, ఆ నీటి నుంచి, ఆ పాలసీసా నిపుల్ నుంచి వస్తాయి. 2016లో అనేక అధ్యయనాలను కలిపి చేసిన సమీక్ష కూడా పళ్ళు వచ్చేటప్పుడు ఒంటి వేడి కాస్త పెరిగినా, జ్వరమనదగినంత పెరగదనే తేల్చింది.

కాబట్టి థర్మామీటరులో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు పైన చూపిస్తే అది జ్వరం, పళ్ళ వేడి కాదు. మూడు నెలల లోపు బిడ్డకు అంత ఉంటే ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళాలి. నీళ్ళ విరేచనాలు అయితే పళ్ళ సంగతి పక్కన పెట్టి, పొట్లం మొత్తం ఒక లీటరు నీటిలో కలిపిన ఓఆర్ఎస్‌ను ప్రతి విరేచనం తర్వాత చెంచాతో 50 నుంచి 100 మిల్లీలీటర్ల దాకా తాగించాలి, తల్లిపాలు ఆపకూడదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ 14 రోజులు ఇవ్వాలి. ఈ రెండూ ఆశా కార్యకర్త దగ్గరా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉచితంగా ఇస్తారు. డబ్బాల్లో వచ్చే తీపి పానీయాలు ఓఆర్ఎస్‌కు బదులు కావు. కళ్ళు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా పడి ఉన్నా, మలంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయవద్దు.

జలుబూ జ్వరంతో పాటు ఒకే చెవిని పట్టుకుని ఏడుస్తుంటే చెవిలో చీము పట్టిందేమో చూపించాలి. చిగుళ్ళన్నీ ఎర్రగా వాచి, ముట్టుకుంటే రక్తం వస్తూ, నాలుక మీదా పెదవుల లోపలా పుళ్ళు కనిపిస్తే అది హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే నోటి జబ్బు కావచ్చు. నొప్పికి బిడ్డ నీళ్ళు కూడా తాగదు కాబట్టి ఒంట్లో నీరు తగ్గిపోతుంది. పన్ను రాబోయే చోట నీలిరంగు బుడగలా ఉబ్బితే మాత్రం భయం లేదు, పన్ను రాగానే అదే చితికిపోతుంది. దాన్ని సూదితో పొడవకూడదు. పుట్టుకతోనే పన్ను ఉన్న బిడ్డకు ఆ పంటిని ఇంట్లో పీకే ప్రయత్నం చేయవద్దు. అది చాలాసార్లు అసలు పాలపన్నే. కదులుతుంటే ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఏం చేయాలో దంతవైద్యులు చూస్తారు. 18 నెలలు వచ్చినా ఒక్క పన్ను కూడా రాకపోతే థైరాయిడ్ లోపం, రికెట్స్ (ఎముకలు మెత్తబడే జబ్బు) వంటివి ఉన్నాయేమో పరీక్షించాలి.

మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే దాన్ని శుభ్రం చేయాలి. మెత్తని చిన్న బ్రష్ మీద బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు అద్ది ఉదయం, రాత్రి పడుకునే ముందు తోమితే చాలు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో లాగా భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్ళలో ఆ నీరే తాగుతున్నవారు పేస్టు విషయం దంతవైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చే అలవాటును పన్ను రాకముందే మాన్పించగలిగితే మంచిది, వచ్చాక మాన్పించడం కష్టం. మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి దంతవైద్యుడికి చూపించి, ఆ సందర్శనలోనే మీ ఊరి తాగునీటి సంగతి కూడా అడిగి తెలుసుకోండి.